కెనడా యూనివర్సిటీ ఫుట్‌బాల్ జట్టు చరిత్రను హైదరాబాద్‌లో కూర్చునే తవ్వడం ఎలా

ఆఫర్ లెటర్ వచ్చేసింది, జీఐసీ (అక్కడి ఖర్చులకు ముందే జమచేసే డిపాజిట్) డబ్బులు కట్టేశారు, బయోమెట్రిక్స్ కూడా అయిపోయాయి, ఇక రోజూ పొద్దున లేచి మెయిల్ చూసుకోవడం తప్ప చేసేదేమీ లేదు. ఆ ఖాళీలో అమీర్‌పేట కన్సల్టెన్సీల్లో ఎవరూ చెప్పని పని ఒకటి చేయండి. మీరు చేరబోయే యూనివర్సిటీకి ఫుట్‌బాల్ జట్టు ఉంటే దాని చరిత్ర తవ్వండి. బ్రోచర్‌లో కనిపించేది ఎండలో మెరిసే లైబ్రరీ, నవ్వుతున్న నలుగురు స్టూడెంట్లు. జట్టు చరిత్రలో మాత్రం ఆ యూనివర్సిటీకి డబ్బులు ఎప్పుడు తక్కువయ్యాయి, ఊరితో గొడవ ఎక్కడ వచ్చింది, స్టూడెంట్లు దేని మీద లొల్లి చేశారు, అన్నీ బయటపడతాయి.

పద్ధతి విషయంలో నేను పట్టుబట్టేది ఒక్కటే. గెలిచిన కప్పుల లిస్టుతో మొదలుపెట్టొద్దు, జట్టు ఆడని సంవత్సరాలతో మొదలుపెట్టండి. కప్పుల లిస్టు ఎవరైనా రెండు నిమిషాల్లో తీస్తారు, అందులో తెలిసేది కూడా అంతే.

ముందు ఆట ఏమిటో తెలియాలి

ఫుట్‌బాల్ అంటే మనకు కాలితో ఆడేదే. హైదరాబాద్‌లో ఏ పెద్దాయన్ని కదిపినా కోచ్ రహీం సాబ్ గురించి, ఆయన సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్ ఫుట్‌బాల్ టోర్నీ కొట్టడం గురించి గంటసేపు చెబుతారు. కెనడాలో ఆ ఆటను సాకర్ అంటారు. అక్కడ ఫుట్‌బాల్ అంటే హెల్మెట్లు, భుజాలకు ప్యాడ్లు, కోడిగుడ్డు ఆకారంలో బంతి. అలాగని అమెరికన్ ఫుట్‌బాల్ వీడియోలు చూసి ఆట అర్థమైపోయిందనుకోకండి. కెనడా ఆటలో మైదానం మీద జట్టుకు 12 మంది ఉంటారు, అమెరికాలో 11. కెనడా మైదానం 110 గజాల పొడవు, 65 గజాల వెడల్పు, అమెరికాది 100 గజాలే, వెడల్పూ తక్కువే. 10 గజాలు ముందుకు వెళ్లడానికి అమెరికాలో 4 అవకాశాలు ఇస్తారు, కెనడాలో 3 మాత్రమే. అందుకే కెనడా ఆటలో బంతిని తన్ని అవతలివాళ్లకు ఇచ్చేయడం ఎక్కువ, పరుగు కన్నా పాస్ మీద ఆధారపడటం ఎక్కువ.

ఈ ఆట పుట్టిందే యూనివర్సిటీల్లో అని గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది. 1861 నవంబర్‌లో టొరంటో యూనివర్సిటీ ప్రాంగణంలో ఆడిన ఆటకు రికార్డు ఉంది. 1874 మే నెలలో మాంట్రియల్ నుంచి మెక్‌గిల్ యూనివర్సిటీ కుర్రాళ్లు హార్వర్డ్‌కు వెళ్లి వరుసగా రెండు రోజులు ఆడారు, మొదటి రోజు హార్వర్డ్ రూల్స్‌తో, రెండో రోజు మెక్‌గిల్ తెచ్చిన రగ్బీ రూల్స్‌తో. మొదటిది హార్వర్డ్ గెలిచింది, రెండోదానిలో ఎవరికీ పాయింట్లు రాలేదు, కానీ హార్వర్డ్ వాళ్లకు ఆ రగ్బీ పద్ధతి బాగా నచ్చేసింది. అంటే అమెరికన్ ఫుట్‌బాల్ వంశవృక్షంలో కూడా కెనడా కాలేజీ కుర్రాళ్ల చెయ్యి ఉంది. ఆ తర్వాత 1903లో టొరంటో యూనివర్సిటీ జట్టు కెప్టెన్‌గా చేసిన థ్రిఫ్ట్ బర్న్‌సైడ్ పేరు మీద కొత్త రూల్స్ వచ్చాయి. మూడు ప్రయత్నాల్లో పది గజాలు, జట్టుకు 12 మంది అనేవి అక్కడివే.

ఒక షీట్ తెరవండి

గూగుల్ షీట్ చాలు. ఒక్కో సంవత్సరానికి ఒక్కో వరుస. జట్టు మొదటిసారి ఆడిన సంవత్సరం నుంచి ఇప్పటిదాకా అన్ని సంవత్సరాలూ ముందే దించేయండి, సమాచారం దొరికినా దొరకకపోయినా సరే. అడ్డంగా లీగ్ పేరు, కోచ్, గెలుపోటములు, ఆడిన మైదానం, చివరికి ఏమైంది అని పెట్టుకోండి. జట్టు వెబ్‌సైట్, వికీపీడియా, లీగ్ రికార్డు పుస్తకాలు చూసి నింపుకుంటూ పోండి. ఈ దశలో కథ జోలికి వెళ్లొద్దు, ఉత్త అంకెలు చాలు.

కొంతసేపటికి షీట్‌లో ఖాళీలు కనిపిస్తాయి. వాటిని పసుపు రంగుతో నింపండి. మీ అసలు పని ఇక్కడే మొదలవుతుంది, తీగ లాగితే డొంకంతా కదులుతుందంటారే, ఆ తీగ ఈ పసుపు గళ్లే.

కొన్ని ఖాళీలు అందరికీ ఉమ్మడి. రెండు ప్రపంచ యుద్ధాల కాలంలో యూనివర్సిటీల మధ్య పోటీలు ఆగిపోయాయి, కుర్రాళ్లు యూనిఫాంలో ఉన్నారు. అక్కడ ఎక్కువ తవ్వక్కర్లేదు కానీ, యుద్ధానికి ముందు ఆడినవాళ్లలో ఎవరు తిరిగి వచ్చారు, ఎవరు రాలేదు అన్నది మాత్రం క్యాంపస్‌లోని స్మారక ఫలకాల మీద ఉంటుంది, అక్కడికి వెళ్లాక చూడొచ్చు.

ఇంకొన్ని ఖాళీలు ఆ ఒక్క యూనివర్సిటీవే, మజా వాటిలోనే ఉంది. వాటర్‌లూ యూనివర్సిటీ జట్టు వారియర్స్ షీట్‌లో 2010 సీజన్ ఖాళీ. స్టెరాయిడ్స్ గొడవలో జట్టు మొత్తానికి పరీక్షలు చేయిస్తే తొమ్మిది ఉల్లంఘనలు బయటపడ్డాయి, యూనివర్సిటీ ఆ ఏడాది జట్టునే ఆపేసింది. తప్పు చేయని కుర్రాళ్లు కూడా ఒక సీజన్ పోగొట్టుకున్నారు, అది న్యాయమా కాదా అని అప్పట్లో పెద్ద చర్చ నడిచింది. మెక్‌గిల్ 2005 సీజన్ మధ్యలో తెగిపోయి ఉంటుంది. కారణం కొత్త ఆటగాళ్లపై ర్యాగింగ్, మిగిలిన మ్యాచ్‌లన్నీ యూనివర్సిటీయే రద్దు చేసింది. ఇంజనీరింగ్ హాస్టల్లో ఉన్నవాళ్లకు ఈ పేరా విడమర్చి చెప్పక్కర్లేదనుకుంటా.

ఒక ఖాళీని పట్టుకుని చివరిదాకా వెళ్దాం

ఉదాహరణకు ఒట్టావాలోని కార్ల్‌టన్ యూనివర్సిటీ తీసుకుంటాను, మనవాళ్లు చాలామంది వెళ్లేదే. జట్టు పేరు రేవెన్స్. షీట్ నింపితే 1945లో మొదలై, 1998 తర్వాత ఒక్కసారిగా పసుపు గళ్లు, మళ్లీ 2013లో అంకెలు. మధ్యలో ఒక తరం మొత్తం జట్టు లేకుండానే చదువుకుని వెళ్లిపోయింది.

ఇక్కడ మీరు వేయాల్సిన ప్రశ్నలు మూడు. ఎందుకు మూశారు, మూసినప్పుడు ఎవరు ఏడ్చారు, మళ్లీ తెరిపించింది ఎవరు. మొదటిదానికి జవాబు తేలిక, ఖర్చు ఎక్కువ, ఫలితాలు తక్కువ. రెండోదాని కోసం వెతికితే పాండా గేమ్ తగులుతుంది. అదే ఊళ్లో ఉన్న ఒట్టావా యూనివర్సిటీ జట్టు జీ-జీస్‌తో కార్ల్‌టన్‌కు 1955 నుంచి నడుస్తున్న పోటీ అది. గెలిచినవాళ్లకు దక్కేది పెడ్రో అనే పాండా బొమ్మ. ఇదేం పిచ్చి అనిపిస్తుంది కానీ ఆ బొమ్మ కోసం రెండు క్యాంపస్‌లూ ఏడాదంతా కాచుకుని ఉంటాయి. 1987లో లాన్స్‌డౌన్ పార్క్ స్టేడియంలో ఈ మ్యాచ్ జరుగుతున్నప్పుడు స్టాండ్స్ ముందున్న రెయిలింగ్ జనం తోపుడుకు విరిగి, చాలామంది స్టూడెంట్లు కింద పడి గాయపడ్డారు. జట్టు మూతపడటంతో పాండా గేమ్ కూడా ఆగిపోయింది, అంటే ఒక యూనివర్సిటీ తీసుకున్న నిర్ణయం పక్క యూనివర్సిటీ చరిత్రలో కూడా ఖాళీ పెట్టింది. జీ-జీస్ షీట్ మాత్రమే చూసేవాళ్లకు ఇది కనిపించదు, వాళ్ల జట్టు ఆడుతూనే ఉంది కదా.

మూడో ప్రశ్నకు జవాబు పాత ఆటగాళ్లు. వాళ్లు ఓల్డ్ క్రోస్ అని సంఘం పెట్టుకున్నారు, జట్టు తిరిగి రావడం వెనుక ఆ ముసలి కాకుల పట్టుదల ఉంది. తిరిగొచ్చిన 2013లో ఒక్క మ్యాచ్ కూడా గెలవలేదు. మరుసటి ఏడాది, 2014 పాండా గేమ్‌లో, ఆట ముగిసే క్షణాల్లో విసిరిన పొడవాటి బంతి ఆటగాళ్ల గుంపులో ఒకరి చేతికి తగిలి ఎగిరి నేట్ బెహార్ అనే కుర్రాడి చేతుల్లో పడింది, 33-31తో కార్ల్‌టన్ గెలిచింది. ఆ వీడియో వెతికి చూడండి. ఉత్తినే చూస్తే అదృష్టం అనిపిస్తుంది, వెనకున్న ఆ ఖాళీ ఏళ్లన్నీ తెలిసి చూస్తే స్టాండ్స్‌లో పెద్దవాళ్లు ఎందుకు అలా ఊగిపోతున్నారో అర్థమవుతుంది.

మీ యూనివర్సిటీకి ఇంత పెద్ద ఖాళీ ఉండకపోవచ్చు. అప్పుడు గెలుపుల ఖాళీ వెతకండి. టొరంటో వార్సిటీ బ్లూస్ 2001 నుంచి 2008 దాకా వరుసగా 49 మ్యాచ్‌లు ఓడిపోయింది. చివరికి 2008 సెప్టెంబర్ 1న వాటర్‌లూ మీద 18-17తో, ఒక్క పాయింట్ తేడాతో ఆ దరిద్రం వదిలింది. 1909లో మొట్టమొదటి గ్రే కప్ గెలిచిన జట్టు ఇది, అదే గ్రే కప్ కోసం ఇప్పుడు కెనడా ప్రొఫెషనల్ జట్లు కొట్టుకుంటున్నాయి. మైదానం కాలమ్ నింపినవాళ్లకు ఇంకో సంగతి తడుతుంది. ఓడిపోతున్న ఆ ఏళ్లలోనే పాత వార్సిటీ స్టేడియాన్ని కూల్చేశారు, 1976 మాంట్రియల్ ఒలింపిక్స్ సాకర్ మ్యాచ్‌లు కొన్ని జరిగిన స్టేడియం అది, చాలా చిన్నగా కట్టిన కొత్తది 2007లో తెరిచారు. ఒకదాని వల్లే ఇంకోటి జరిగిందని నేను అనను, కానీ రెండూ పక్కపక్కనే ఉన్నాయని రాయకుండా కూడా ఉండలేను.

పేర్లు మారతాయి, వెతికే పదాలు కూడా మార్చండి

ఎక్కువమంది ఆగిపోయేది ఇక్కడే. 1920ల నాటి మ్యాచ్ కోసం పాత పత్రికల్లో ఫుట్‌బాల్ అని కొడితే సగం దొరకవు, అప్పట్లో దాన్ని రగ్బీ అనే రాసేవాళ్లు. కాబట్టి 1950కి ముందు సంగతులకు రెండు పదాలతోనూ వెతకండి. యూనివర్సిటీ క్రీడల జాతీయ సంస్థ పేరు కూడా అంతే, 1961లో సీఐఏయూగా మొదలై, 2001లో సీఐఎస్ అయి, 2016 నుంచి యూ స్పోర్ట్స్ అయింది. మూడు పేర్లతోనూ వెతకాలి.

జట్ల పేర్లు కూడా స్థిరం కావు. మెక్‌గిల్ పురుషుల జట్లకు రెడ్‌మెన్ అనే పేరు ఆదివాసీ విద్యార్థుల ఉద్యమం తర్వాత 2019లో తీసేశారు, ఇప్పుడు రెడ్‌బర్డ్స్. మాంట్రియల్‌లోని కాంకోర్డియాకు వెళ్లేవాళ్లు గమనించాల్సింది వేరు. లయోలా, సర్ జార్జ్ విలియమ్స్ అనే రెండు సంస్థలు 1974లో కలిసి ఆ యూనివర్సిటీ ఏర్పడింది, కాబట్టి కాంకోర్డియా పేరుతో మాత్రమే వెతికితే అంతకు ముందు ఆట లేనట్టే కనిపిస్తుంది. మీరు పెట్టాల్సింది ఒక షీట్ కాదు, రెండు.

పాత పత్రికలు చదవడం

క్యాంపస్ పత్రికలే మీ బంగారు గని, చాలావాటి పాత సంచికలు స్కాన్ చేసి ఉచితంగా పెట్టారు. టొరంటోకు ది వార్సిటీ, మెక్‌గిల్‌కు మెక్‌గిల్ డైలీ, బ్రిటిష్ కొలంబియాకు ది యుబిస్సీ, ఆల్బర్టాకు ది గేట్‌వే, క్వీన్స్‌కు క్వీన్స్ జర్నల్, కార్ల్‌టన్‌కు ది చార్లటన్. ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో కొంత, యూనివర్సిటీ లైబ్రరీ సైట్లలో కొంత దొరుకుతుంది. స్కాన్ చేసిన పేజీల్లో అక్షరాలను కంప్యూటర్ తప్పుగా చదువుతుంది కాబట్టి సెర్చ్ పెట్టెను పూర్తిగా నమ్మొద్దు. సీజన్ దాదాపుగా సెప్టెంబర్ నుంచి నవంబర్ వరకే, మ్యాచ్‌లు ఎక్కువగా శనివారాలు, కాబట్టి ఆ తర్వాత వచ్చిన సంచిక తెరిచి స్పోర్ట్స్ పేజీ కంటితో చూడటమే వేగం.

ఇయర్‌బుక్‌లతో ఒక మెలిక ఉంది. అవి చదువుల సంవత్సరం చివర్లో, అంటే వసంతంలో అచ్చవుతాయి. 1923 అని అట్ట మీద ఉన్న పుస్తకంలో జట్టు ఫోటో 1922 శరదృతువుది. ఇది పట్టించుకోకపోతే షీట్ మొత్తం ఒక వరుస కిందికి జారిపోతుంది.

కాకిపిల్ల కాకికి ముద్దు అన్నట్టు ప్రతి క్యాంపస్ పత్రికకూ తన జట్టే ముద్దు. ఓడిన మ్యాచ్‌లో కూడా రిఫరీ కళ్లు మూసుకున్నాడని రాస్తారు. విరుగుడు తేలిక, అదే మ్యాచ్ గురించి అవతలి యూనివర్సిటీ పత్రిక కూడా తెరవండి. రెండూ పక్కపక్కన పెట్టి చదివితే స్కోరు, ఎవరు పాయింట్లు కొట్టారు, వర్షం పడిందా లేదా అన్నవి కలుస్తాయి, మిగతావి కలవవు. కలిసినవి షీట్‌లో వేసుకోండి. కలవనివి కథ రాసేటప్పుడు, ఎవరు ఏమన్నారో పేరు పెట్టి మరీ వాడుకోండి.

లవాల్ లాంటి ఫ్రెంచ్ యూనివర్సిటీ అయితే పత్రికలు కూడా ఫ్రెంచ్‌లోనే ఉంటాయి, ఫోన్ కెమెరాతో అనువాదం చేసుకుంటే పని జరిగిపోతుంది.

స్కోర్లు, కప్పులు

పాత స్కోరు చూసి ఇప్పటి లెక్కలు వేయకండి. టచ్‌డౌన్‌కు, అంటే బంతిని మైదానం చివర అవతలివాళ్ల ఎండ్ జోన్‌లోకి చేర్చినందుకు, ఇప్పుడు 6 పాయింట్లు, 1956కు ముందు 5 ఉండేవి. ఇంకా, కెనడా ఆటలో ఒక్క పాయింట్ కూడా వస్తుంది, దాన్ని రూజ్ అంటారు. తన్నిన బంతి అవతలివాళ్ల ఎండ్ జోన్‌లోకి వెళ్లి, వాళ్లు దాన్ని బయటికి తేలేకపోతే తన్నిన జట్టుకు 1. క్వీన్స్ యూనివర్సిటీ 1922, 1923, 1924లో వరుసగా మూడుసార్లు గ్రే కప్ గెలిచింది, అందులో మొదటిది ఎడ్మంటన్ మీద 13-1. ఆ 1 అచ్చు తప్పు కాదు. మరుసటి ఏడాది రెజైనా మీద 54-0, అదీ అచ్చు తప్పు కాదు, నిజంగానే అంత ఘోరంగా కొట్టారు. 1930లలో యూనివర్సిటీలు గ్రే కప్ పోటీ నుంచి తప్పుకున్నాయి, కాబట్టి ఆ తర్వాత మీ యూనివర్సిటీ గ్రే కప్ గెలిచిందని ఏ వాట్సాప్ గ్రూపులో కనిపించినా నమ్మకండి.

యూనివర్సిటీల జాతీయ కప్పు వేనియర్ కప్. మొదటిది 1965లో టొరంటో 14-7తో ఆల్బర్టా మీద గెలిచింది. మొదటి రెండేళ్లు జట్లను ఎంపిక చేసి పిలిచేవాళ్లు, 1967 నుంచే ప్లేఆఫ్‌లు గెలిచి రావాలి. అంతకు ముందు జాతీయ చాంపియన్లం అని ఎవరైనా రాసుకుంటే ఏ పోటీలో, ఎవరి మీద అని అడగండి. ఆంటారియో జట్లకైతే యేట్స్ కప్ ఉంది, 1898 నుంచి నడుస్తోంది, చాలా యూనివర్సిటీలకు జాతీయ కప్పు కన్నా దీని చుట్టూనే ఎక్కువ చరిత్ర అల్లుకుని ఉంటుంది.

వయసుకూ కప్పులకూ సంబంధం ఉండదనడానికి లవాల్ చాలు. క్యూబెక్ సిటీలోని రూజ్ ఎ ఓర్ జట్టు పుట్టిందే 1996లో. మూడేళ్లకే 1999లో మొదటి వేనియర్ కప్, 2024 నాటికి 12, దేశంలో అందరికన్నా ఎక్కువ. జాక్ తాంగే అనే వ్యాపారవేత్త లాంటివాళ్లు బయటి నుంచి డబ్బు తెచ్చి నిలబెట్టిన జట్టు, 2001 నుంచి గ్లెన్ కాన్‌స్టాంటిన్ ఒక్కడే హెడ్ కోచ్‌గా నడిపించాడు. కోవిడ్‌తో అందరికీ ఆగిపోయిన 2020 తప్ప దీని షీట్‌లో పసుపు గళ్లు వెతికితే దొరకవు, ఇలాంటి జట్టుకు మాత్రం డబ్బు ఎక్కడి నుంచి వచ్చిందన్నదే మీ ప్రశ్న కావాలి.

మనుషులను అడగడం

ప్రతి యూనివర్సిటీలో పాత కాగితాలు చూసే ఆర్కైవ్స్ విభాగం ఉంటుంది, మెయిల్ పెడితే జవాబు ఇస్తారు. కానీ మీ ఫుట్‌బాల్ చరిత్ర పంపండి అని రాస్తే రెండు లింకులు ఇచ్చి ఊరుకుంటారు, ఇచ్చేది అంతే. ఫలానా సంవత్సరం ఫలానా సీజన్ ఎందుకు మధ్యలో ఆగింది, దాని మీద యూనివర్సిటీ సెనేట్‌లోనో స్పోర్ట్స్ బోర్డులోనో మినిట్స్ ఉన్నాయా, స్కాన్ దొరుకుతుందా అని ఒక్క ప్రశ్న అడగండి. ఏమేం చూశారో ఒక లైన్ రాయండి. కొత్తగా చేరబోయే స్టూడెంట్‌నని కూడా చెప్పండి, అక్కడివాళ్లు ఇలాంటిదానికి నిజంగా ముచ్చట పడతారు. ఫోన్ చేయాలంటే ఆంటారియో, క్యూబెక్‌లకు వేసవిలో తొమ్మిదిన్నర గంటల తేడా, నవంబర్ మొదట్లో గడియారాలు మార్చాక పదిన్నర. శనివారం మధ్యాహ్నం ఒంటిగంటకు అక్కడ మొదలయ్యే మ్యాచ్ సెప్టెంబర్‌లో మనకు రాత్రి పదిన్నరకు వస్తుంది, లైవ్ చూడాలనుకుంటే ఇంట్లో వాళ్లను ఒప్పించుకోవడం మీ తంటా.

అక్కడే చదువుతున్న మన అన్నలను, అక్కలను కూడా అడగండి, కానీ చరిత్ర కోసం కాదు. చాలామంది ఒక్క మ్యాచ్‌కు కూడా వెళ్లి ఉండరు, పార్ట్‌టైం ఉద్యోగం, అసైన్‌మెంట్లతోనే సరిపోతుంది. స్టేడియం గోడ మీద ఉన్న ఫలకం ఫోటో తీసి పంపమనండి, జిమ్ కారిడార్‌లో పాత జట్ల ఫోటోలుంటే వాటి కింద పేర్లు కనిపించేలా తీయమనండి. ఇంటర్నెట్‌లో లేని పేర్లు అక్కడ దొరుకుతాయి.

ఇంకో మాట, ఇదంతా ఎస్ఓపీలో (అప్లికేషన్‌తో పంపే స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్‌లో) ఇరికించకండి. డేటా సైన్స్‌కు అప్లై చేస్తూ 1922 గ్రే కప్ గురించి పేరా రాస్తే చదివేవాళ్లకు నవ్వొస్తుంది.

రాసేటప్పుడు

1874 నుంచి మొదలుపెట్టి వరుసగా రాసుకుంటూ వస్తే మూడో పేరాలోనే పాఠకుడు పారిపోతాడు. మీ షీట్‌లో ఉన్న అతిపెద్ద పసుపు గడితో మొదలుపెట్టండి, ముందుకో వెనక్కో అక్కడి నుంచే వెళ్లండి. పేర్లు, తేదీలు రెండుచోట్ల కలిసినవే వాడండి. బతికున్న మామూలు మనుషుల పేర్లు, ముఖ్యంగా ర్యాగింగ్, డ్రగ్స్ లాంటి విషయాల్లో, అప్పట్లో పత్రికల్లో వచ్చినా సరే మీరు రాయకుండా ఉండటమే మంచిది, ఆ కుర్రాళ్లు ఇప్పుడు ఎక్కడో ఉద్యోగాలు చేసుకుంటూ ఉంటారు.

ఒట్టావాకు వెళ్లేవాళ్లు మాత్రం ఆగస్టులో దిగగానే పాండా గేమ్ టికెట్ల సంగతి స్టూడెంట్ యూనియన్‌ను అడిగేయండి. సెప్టెంబర్ చివర్లోనో అక్టోబర్ మొదట్లోనో ఉంటుంది, జనం వేలల్లో వస్తారు, చివరి వారం దాకా ఆగితే సీటు దొరకడం కష్టం. ఏ వైపు స్టాండ్స్‌లో కూర్చుంటున్నారో టికెట్ కొనేముందే చూసుకోండి, కార్ల్‌టన్ టీషర్ట్‌తో జీ-జీస్ వైపు కూర్చుంటే ఆ మధ్యాహ్నం చాలా పొడవుగా ఉంటుంది.